కొట్టు

డిపో క్యాంటీన్లో బల్లలు గోడవారకు జరిపి
మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టారు.
సాంబారు వాసన ఇంకా పోలేదు.
రిటైరైన హెడ్ కానిస్టేబుల్ రుద్రప్ప గారు
బోర్డు మీద రాసి కింద గీత గీశారు:
ముందు మెడ. తర్వాత సంచి.

దొంగ వేషానికి నంజుండన్నను లేపారు.
ఇరవై రెండేళ్ళు బస్సు నడిపి
కుక్కపిల్లనైనా తొక్కని మనిషి.
కత్తికి బదులు స్టీలు స్కేలు.
"తప్పు తెలుసుకోవద్దమ్మా" అని ముందే చెప్పుకుని
నా గొంతుకు జానెడు దూరంలో పెట్టాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"కొట్టుబిడి" అన్నారు రుద్రప్ప గారు.
ఇచ్చెయ్యండి, అని కన్నడంలో.

మాది మడకశిర పక్క పల్లె.
పన్నెండేళ్ళుగా ఈ బెంగళూరులో
కన్నడంలోనే టికెట్టిస్తున్నా,
చిల్లర కోసం కన్నడంలోనే పోట్లాడుతున్నా.
అయినా భయం వేసినప్పుడు
నా చెవి మాత్రం మడకశిరకు పోతుంది.
కొట్టు అంటే వాళ్ళకి ఇవ్వడం.
మాకు కొట్టడమే.

ఇది ఆ గదిలో ఎవరికీ చెప్పలేదు:
రెండేళ్ళ కిందట, ఆషాఢం గాలి,
అత్తిబెలె నుంచి మార్కెట్టుకు ఆఖరి ట్రిప్పు.
బొమ్మసంద్ర దాటేసరికి బస్సులో ముగ్గురే.
వెనక సీటు పిల్లోడు లేచొచ్చాడు.
మీసం ఇంకా నూగే.
చొక్కా కింద ఏదో పట్టుకున్నాడు,
కత్తో, దువ్వెనో, ఇప్పటికీ తెలియదు.
"కొట్బిడక్కా" అన్నాడు.

అక్కా అన్నాడు.
ఆ మాటకి మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే అర్థం.
నేను ముందు మాటే విన్నాను.
చేతిలో టికెట్ మిషన్ ఉంది.
కనుబొమ్మ మీద.

ఇంజను హోరులో డ్రైవరుకి వినపడలేదు.
మిగిలిన ఇద్దరూ కిటికీలోంచి చీకటిని
ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు.
సిగ్నల్ దగ్గర దూకేశాడు.
మెట్టు మీద ఒక నీలం హవాయి చెప్పు మిగిలింది,
తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది.

మిషన్ జారి పడింది, అని రాసిచ్చాను.
అద్దానికి మూడొందల యాభై కోసుకున్నారు.
మర్నాడు మొదటి ట్రిప్పులో
ఆ చెప్పును సిగ్నల్ పక్క పిట్టగోడ మీద పెట్టాను.
మూడు రోజులు అక్కడే ఉంది.
నాలుగో రోజు లేదు.
చెత్తబండి వాళ్ళు తీసి ఉంటారు.
చెత్తబండి వాళ్ళే అయి ఉంటారు.

"కళ్ళలోకి చూడొద్దు" అంటున్నారు రుద్రప్ప గారు,
"చేతులు కనపడనివ్వండి.
చేసేది మెల్లగా నోటితో చెప్పి చెయ్యండి.
పోయేటప్పుడు కాళ్ళు చూడండి.
చొక్కా మారుస్తాడు, గడ్డం గీసుకుంటాడు,
చెప్పులు మాత్రం మార్చడు."

షమీమా చెయ్యెత్తింది.
"ఇచ్చేస్తాం సార్.
ఆ లెక్క ఎవరు కడతారు?"
రుద్రప్ప గారు మేనేజరు వైపు చూశారు.
మేనేజరు ఫోను వైపు చూశారు.
సర్క్యులర్ వస్తుందట.
పైన ఫ్యాను టకటకమంది కాసేపు.

మళ్ళీ మొదట్నుంచి.
నంజుండన్న, స్కేలు, నా గొంతు.
"సంచి తీస్తున్నా" అన్నాను.
"భుజం మీద నుంచి తీస్తున్నా. ఇదిగో."
అతను అందుకుని ఒక పక్కకి ఒరిగాడు.
"ఇంత బరువా!" అన్నాడు వేషం మర్చిపోయి.
ఇరవై రెండేళ్ళు నా లాంటి వాళ్ళ ముందు కూర్చుని
ఒక్కసారీ పట్టుకుని చూడలేదంట.

చివర్లో కాగితాలు పంచారు.
గతంలో మీకు ఇలాంటి ఘటన ఎదురైందా?
అవును, కాదు. ఒకదానికి టిక్కు.
నా పెన్ను రాయలేదు.
షమీమా పెన్ను అడిగి తీసుకున్నాను,
అది రాసింది.

సాయంత్రం డ్యూటీకి ఎక్కాను.
సిల్క్ బోర్డు దగ్గర జనం తోసుకుంటూ ఎక్కారు.
నేర్పినట్టు కాళ్ళే చూద్దామనుకున్నా.
నూగు మీసం ప్రతివాడికీ చిల్లర చేతిలో పెడుతూ
కనుబొమ్మలు చూస్తున్నా.